గాలి పట్టిన రేకు

సైదాపురం దాటాక రోడ్డు మెరుస్తుంది.
వాన పడిందనుకుంటారు కొత్తవాళ్లు.
వాన కాదు, కాకిబంగారం.
లారీలు తొక్కి తొక్కి పిండి చేసిన మైకా పొట్టు.
మా ఊళ్లో చెప్పులు విడిచిన చోటు కూడా తళుక్కుమంటుంది.

నాది గూడూరులో వెల్డింగు షాపు.
గేట్లు, గ్రిల్లులు, రొయ్యల గుంటల ఏరేటర్లకు చట్రాలు.
పని లేని ఒక వారం
సైకిలు రిమ్ముకి బేరింగు బిగించి
దాన్నుంచి నైలాను దారాలు,
దారాలకి మైకా రేకులు వేలాడదీశాను.
మూడు వందల పన్నెండు.
ఎందుకని మా ఆవిడ అడిగింది.
తిరిగేది ఒకటి, ఎవరూ ఆర్డరివ్వనిది,
ఒక్కటైనా నా చేత్తో చేయాలనిపించింది.
అది ఆమెకి చెప్పలేదు. స్క్రాపు అన్నాను.

రేకులు మాత్రం డబ్బు పెట్టి కొన్నవే.
ఒక్క మచ్చ లేదు.
పాత కూలరు మోటారు తగిలించి స్విచ్చి వేస్తే
తిరిగింది.
తెల్లగా తిరిగింది.
గోడ మీద తెల్ల చుక్కలు, వరసగా,
హాజరు పిలిచినట్టు, మళ్లీ అవే, మళ్లీ అవే.
పది నిమిషాలకు నాకే విసుగొచ్చింది.

మస్తానమ్మ వచ్చింది చూడటానికి.
నలభై ఏళ్లు రేకుల షెడ్డులో కూర్చుని
మైకా పుస్తకాల పేజీలు విప్పిన మనిషి.
అక్షరం రాదు.
ఎడమ కంట్లో శుక్లం.
రేకుని కంటి దగ్గరికి కాదు, చెవి దగ్గరికి తీసుకుని
గోటితో మీటి,
"మంచిదే," అంది,
మంచం పట్టినోళ్లని గురించి అన్నట్టు.

"ఈటికి రంగేది అబ్బయా?"
"మైకాకి రంగేంది పిన్నమ్మా.
పుస్తకంగా ఉన్నప్పుడే పాచి పచ్చ,
విప్పితే నీళ్లే గదా."

మర్నాడు గోతాంతో దిగింది.
షెడ్డు వెనక దిబ్బలో ఏరుకొచ్చిన రేకులు.
"గాలి పట్టినయ్యి. ఈటిని ఏరి పారేసేదానికే
నాకు కూలిచ్చింది."

బల్బు ముందు ఒకటి ఎత్తి పట్టింది.

పొర విడీ విడనట్టు విడిన చోట
నెమలి మెడ.
దాని చుట్టూ రాగి.
దాని చుట్టూ ఊదా, ఆ అంచున
పొయ్యి మీది రొయ్యకి అప్పుడే ఎక్కే ఎరుపు.
బొటనవేలితో నొక్కితే
వలయాలు బెదిరి పక్కకి జరిగాయి.
వేలు తీస్తే వచ్చి కూర్చున్నాయి.

రంగు రేకులో లేదు.
ఏ సుత్తి దెబ్బకో ఇరుక్కున్న
ఇంతంటే ఇంత గాలి ఉందక్కడ.
వెలుతురు పై పొర మీద ఒకసారి,
కింది పొర మీద ఒకసారి వెనక్కి తిరిగి,
దారిలో తనకు తానే ఎదురుపడి
కొంత చెరుపుకుని
మిగిలింది మనకిస్తుంది.

మూడు రాత్రులు పట్టింది రేకులు మార్చడానికి.
మోటారు వేయబోతే కరెంటు పోయింది.
"పోనీలే. దానికి ఒకటే దోవ తెలుసు," అంది మస్తానమ్మ.
షట్టరు పైకెత్తాను.
సాయంత్రపు ఎండ ముందొచ్చింది.
తర్వాత, తీరిగ్గా, తూర్పు గాలి,
ఉప్పు వాసనతో.

ఒక రేకు ఇటు. ఒకటి అటు.
ఒకటి అసలు కదల్లేదు, చాలాసేపటికి కదిలింది.

"ఆ కొసది పచ్చన," అన్నాను.
"కళ్లు పొయ్యాయా? ఎర్రన."
స్టూళ్లు మార్చుకున్నాం.
నాకు ఎర్రన. ఆమెకి పచ్చన.
మళ్లీ మార్చుకున్నాం, ఇద్దరం దొంగల్లాగా.
ఆమె మంచి కన్ను చేత్తో మూసుకుని
శుక్లం కన్నుతో చూసింది, సేపు చూసింది.
"దీన్లో ఇంకా బాగుండాది," అంది.
ఏం కనిపించిందో నేను అడగలేదు.

గేటు కొలతలు ఇవ్వడానికొచ్చిన పెంచల నరసయ్య
చీటీ చేతిలో పట్టుకుని
గుమ్మంలోనే ఆగిపోయాడు.
ఒక అడుగు ఎడమకి.
ఒక అడుగు కుడికి.
కాస్త వంగి, మళ్లీ లేచి.

"కొలతలు రేపు చెప్తాలే," అన్నాడు.
అని, పోలేదు.